వేలు చూపిన వైపు

ఆ ఉదయం కొత్త పెళ్ళికూతురు వేసుకున్న పథకం చాలా చిన్నది. మ్యూజియంలో కొత్త గది గుమ్మానికి అటూ ఇటూ రాతి ద్వారపాలకులను నిలబెట్టించాలి. డైరెక్టరు గారు వచ్చి చూసి ఉద్యోగం ఖాయం చేస్తే, శ్రీవారితో కలిసి కాఫీ తాగాలి.

మీసాలాయన ఎడమ పక్క, కోరలాయన కుడి పక్క అని క్రేన్ డ్రైవరుకు చెప్పి, శ్రీవారి ఫోను అందుకుని వరండాలోకి వెళ్ళింది. ఆమె చదివిన శిల్పశాస్త్రంలో ఎడమంటే గర్భగుడిలోని దేవుడికి ఎడమ. డ్రైవరుకు ఎడమంటే తన ఎడమే.

ఆ గుడ్‌మార్నింగ్ ఎంతసేపు సాగిందంటే, ఆమె తిరిగొచ్చేసరికి క్రేన్ వెళ్ళిపోయింది, పీఠాల కింద సిమెంటు బిగుసుకుంది. విగ్రహాలు తారుమారై, స్వామి లోపలున్నాడని గుమ్మం వైపు చూపించాల్సిన వేళ్ళు పెడగా తిరిగున్నాయి. మీసాలాయన క్యాంటీన్ చూపిస్తున్నాడు. కోరలాయన బాత్రూములు చూపిస్తున్నాడు. ఆమె మళ్ళీ శ్రీవారికి ఫోను చేసింది.

"ఏవండీ, నా ఉద్యోగం పోయింది."

"పోయిందా, పోబోతోందా?"

"డైరెక్టరు గారు రాగానే పోతుంది."

"అయితే టైముందిగా. వస్తున్నా."

పెళ్ళికి కానుకగా వచ్చిన చిలకల దుప్పట్లు రెండూ చంకలో పెట్టుకుని వచ్చాడాయన. సిమెంటు పగలగొట్టించే దారి దొరికేదాకా కప్పి ఉంచుదామన్నాడు. ఇద్దరూ స్టూళ్ళెక్కి ద్వారపాలకులకు ముసుగేశారు.

అది చూసిన వాచ్‌మన్, ముక్కు విరిగి ఉంటుందని టికెట్ల గుమాస్తాతో అన్నాడు. గుమాస్తా తల విరిగిందని క్యూలో వాళ్ళకు చెప్పాడు. డైరెక్టరు గారి గదికి చేరేసరికి రెండు విగ్రహాలూ పిండైపోయాయి. ఆయన పరుగున వచ్చాడు, ఆయన వెనకే క్యూ అంతా వచ్చింది. ఆయన దుప్పట్లు లాగేసి విగ్రహాలను తడిమి చూశాడు.

"తలలు ఉన్నాయిగా?"

"ఉన్నాయండీ. చేతులే..."

"చేతులూ ఉన్నాయిగా?"

నిజం చెప్పేద్దామని ఆమె నోరు తెరిచింది. ఈలోగా జనం వేళ్ళు చూసి, ఎవరినీ దారి అడగకుండా రెండుగా చీలి, సగం మంది క్యాంటీనుకూ సగం మంది బాత్రూములకూ వెళ్ళిపోయారు. డైరెక్టరు గారు ఆమె వైపు తిరిగాడు.

"ఎన్ని బోర్డులు పెట్టినా బాత్రూము ఎక్కడని నన్నే పీక్కుతినేవాళ్ళమ్మా. నీకీ ఆలోచన ఎలా వచ్చింది?"

ఆమె శ్రీవారి వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు.

"పొరపాటున వచ్చిందండీ" అంది, ఉన్నమాటే.

ఆ వినయం డైరెక్టరు గారికి మరీ నచ్చి, ఉద్యోగం అక్కడే ఖాయం చేశాడు. కొత్త గదిలోకి దారి ఎటని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.