పిట్ట ముట్టింది

ఆ మంగళవారం పొద్దున సదానందం వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదింటికి విస్తరి పట్టుకుని డాబా ఎక్కాలి. నీళ్ల ట్యాంకు వెనకాల కూర్చుని నాలుగు ముద్దల అన్నం తినాలి. మూతి తుడుచుకుని సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాకు వెళ్లిపోవాలి. సూరత్ నగరం పర్వత్ పాటియాలోని ఆ మూడంతస్తుల ఇంటి మీద పదకొండు రోజులుగా ఇదే జరుగుతోంది, ఎవరికీ అనుమానం రాలేదు.

నాలుగు నెలల క్రితం దాకా సదానందం నూట నలభై కిలోల మనిషి. చక్కెర జబ్బు, ఆయాసం, మోకాళ్ల నొప్పులు. రెండు సాంచాల నడుమ సందులో పక్కకు తిరిగితే తప్ప పట్టేవాడు కాదు. డాక్టర్లు కడుపు కోసి, చిన్నగా చేసి కుట్టారు. బతకాలని ఉంటే గుడ్డు, పప్పు, పెరుగు తినమన్నారు. అన్నం, మిఠాయి ముట్టుకుంటే గుండె దడదడలాడి పడిపోతావని హెచ్చరించారు. కడుపు చిన్నదయింది కానీ నాలుకకు ఎవరూ కుట్లు వేయలేదు. ఒళ్లు నలభై కిలోలు తగ్గింది, అన్నం మీద ఆశ ఒక్క మెతుకు తగ్గలేదు. చివరికి కలలో కూడా ఆయనకు పొగలు కక్కే సన్నబియ్యమే కనిపించేది. ఆ కలలోంచే ఉపాయం పుట్టింది.

"అవ్వ కలలకొచ్చింది. అన్నం అడిగింది. ఇరవై ఒక్క రోజులు పిట్టకు పెట్టుమన్నది" అన్నాడు భార్యతో.

భాగీరథి ముఖం పాలిపోయింది. అవ్వ అంటే సదానందం తల్లి; పోయినేడాది చనిపోయిన ఆ అత్తకూ చక్కెర జబ్బే. డాక్టరు వద్దన్నాడని చివరి రెండు నెలలు ఆమెకు అన్నం పెట్టలేదు. ముసలమ్మ అడుగుతూ అడుగుతూనే పోయింది. సదానందానికి ఇది తెలుసు. తెలిసే ఆ మాట అన్నాడు. మర్నాటి నుంచి భాగీరథి అత్తకు ఇష్టమైన ఆలుగడ్డ వేపుడు, బెల్లం ముక్కతో సహా విస్తరి వడ్డించి, "తప్పయింది అత్తా, కడుపునిండ తిను" అని చేతులు జోడించి మొగుడి చేతికి ఇచ్చేది. ఆ మాట వింటే ఆయనకు సిగ్గు వేసేది. మొదటి ముద్ద దాకానే వేసేది.

నాలుగు ముద్దలకు కాస్త చెమట పట్టి ఊరుకునేది. తినగా మిగిలింది పావురాలు చూసుకునేవి. సూరత్‌లో పావురాలకు కొదవ లేదు, కాకులకే కరువు. తెలంగాణ నుంచి వలస వచ్చిన మనవాళ్లలో మనిషి పోయిన మూడోనాడు, పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి పిట్టకు పెడతారు. పిట్ట అంటే కాకి. అది ముట్టితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టేదాకా ఇంటివాళ్లూ చుట్టాలూ పచ్చి మంచినీళ్లు తాగరు. కాకులే కరువైన ఊళ్లో సదానందం డాబా మీద కాకి రోజూ విస్తరి ఖాళీ చేస్తోందని భాగీరథి నలుగురికీ గొప్పగా చెప్పుకుంది.

ఆ మంగళవారం రాజలింగం మూడోనాడు. రాజలింగం పక్క గల్లీ పెద్దమనిషి, నలభై ఏళ్లు సాంచాలు నడిపినవాడు. భాగీరథి అత్త విస్తరి వడ్డించి పెట్టి, తెల్లారే తాపీ నది ఒడ్డుకు వెళ్లింది, అక్కడ రాజలింగం పిట్టకు పెడుతున్నారు. సదానందం మాత్రం తన తల్లి పిట్ట సంగతి చూడాలని చెప్పి ఇంట్లోనే ఉండిపోయాడు. నాలుగో ముద్ద నోట్లో ఉండగా ఫోన్ మోగింది.

"ఈడ పిట్ట ముడ్తలేదు" అంది భాగీరథి. "మూడు గంటల సంది చూస్తున్నం. అందరం మన డాబా మీదికే వస్తున్నం. నువ్వు ఆడనే ఉండు, పిట్టను బెదిరియ్యకు."

సదానందం నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

గంటలో ముప్పై మంది దిగారు. ముందు కులపెద్ద సోమలింగం, వెనక విస్తరి పట్టుకుని రాజలింగం భార్య కొమురవ్వ. విస్తరి నిండా అన్నం, మటన్ కూర, రెండు బూందీ లడ్లు. పక్కన రాజలింగానికి ఇష్టమైన సీసా. గుజరాత్‌లో మందు దొరకదు కాబట్టి, అంటే కులపెద్ద చేతిలో పట్టుకుని తిరిగేట్టు దొరకదు కాబట్టి, అందులో నల్ల సోడా పోశారు.

"జనం ఉంటె పిట్ట రాదు. సదానందం అయితె దానికి అలవాటే" అన్నాడు సోమలింగం. అందరినీ మెట్ల మీదికి దింపి తలుపు దగ్గరికి వేశాడు.

సదానందం విస్తరితో ఒంటరిగా మిగిలాడు. జీవితంలో మొదటిసారి అన్నం చూస్తే ఆయనకు భయం వేసింది. వాలిన పావురాలను తువ్వాలతో తోలాడు. పన్నెండయింది, ఒంటిగంటయింది. ఆకాశంలో ఒక్క కాకి లేదు.

"ముట్టిందా?" అని కిందినుంచి సోమలింగం.

"ఇంకా లే, మామా."

ముప్పై ఖాళీ కడుపులు మెట్ల మీద మూలిగాయి. "ఆవుకన్న పెడదాం" అన్నారెవరో. అప్పుడు కొమురవ్వ గొంతు వినిపించింది. ఆమె ఏడవడం లేదు, ఎవరితోనో చెబుతోంది.

"దవాఖానల అడిగిండు, జర మటన్ తోని బువ్వ పెట్టుమని. రేపు పెడ్త అన్న. రేపటికి లేడు. ఆకలితోని పోయిండు, ఇంకెందుకు ముడ్తడు?"

సదానందం తలుపుకు చెవి ఒగ్గి విన్నాడు. ఆకలి గురించి ఆ ముప్పై మందిలో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ముట్టిందని ఒక్క అబద్ధం చెబితే ఈ ముసలమ్మ బతికిపోతుంది. అయితే విస్తరి ముట్టినట్టు కనిపించాలి. ఒక ముద్ద తీసి అవతల పారేద్దామని చెయ్యి పెట్టాడు. చెయ్యి అన్నంలో పడ్డాక దానికి తెలిసిన దారి ఒక్కటే. అందులో జాలి ఎంత, ఆశ ఎంత అంటే ఆయనే చెప్పలేడు. మూడు ముద్దలు, రెండు మటన్ ముక్కలు, సగం లడ్డు లోపలికి పోయాక "ముట్టింది" అని కేక వేశాడు.

ముప్పై మందీ పైకి వచ్చేసరికి లడ్డు తన పని మొదలుపెట్టింది. సదానందం ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, గడ్డం మీద రెండు మెతుకులు. సోమలింగం విస్తరి వంక, ఆయన వంక మార్చి మార్చి చూసి, "తూ" అన్నాడు.

భాగీరథి దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది. "పదకొండు దినాల సంది మా అత్తకు పెట్టింది ఎవలు తిన్నరు?"

ఆయన తల వంచుకున్నాడు. ఆమె ఆయన గడ్డం మీది రెండు మెతుకులు దులిపింది. కొట్టినా బాగుండేదని ఆయనకు అనిపించింది.

కొమురవ్వ విస్తరి ముందు చతికిలబడింది. దాన్నే చూస్తూ అడిగింది.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది, పెద్దమ్మా."

"ముక్క ఉడికిందా?"

"మెత్తగ ఉడికింది."

"మల్ల సగం ఇడిశినవేంది? మీ పెద్దబాపు ఎన్నడు ఇస్తార్ల మెతుకు ఇడవలే. తిను, బిడ్డా."

ఆమె ముద్ద కలిపి నోటికి అందించింది. సదానందం వెనక్కి జరిగాడు. "వద్దు పెద్దమ్మా, పడ్తలేదు" అన్నాడు. అన్నం కోసం కన్నతల్లి చావునే వాడుకున్న మనిషి, అన్నం వద్దని దండం పెట్టాడు.

సహాయం కోసం సోమలింగం వైపు చూశాడు. సోమలింగం పొద్దుటి నుంచీ మంచినీళ్లు తాగలేదు. తక్కిన ఇరవై తొమ్మిది మందీ తాగలేదు. వాళ్ల కళ్లలో కోపం పోయి ఇంకేదో వచ్చింది.

"నోరు ఏదైతేంది, ముట్టింది గదా" అన్నాడు కులపెద్ద గొంతు సవరించుకుని. "ఇగ తిని ఒడగొట్టు సదానందం, జనం బువ్వ తినాలె."

కొమురవ్వ మరో రెండు ముద్దలు పెట్టింది. మిగిలిన సగం లడ్డు పెట్టింది. పెడుతూ పెడుతూ ఉంటే మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆమె ముఖం తేటపడింది. "ఇగ పో, మంచిగ పో" అంది, సదానందం వంక చూసే, సదానందంతో కాదు. ఆయన కూడా పోతున్నట్టే ఉన్నాడు. కళ్లు తేలేసి, సోమలింగం మామ కాళ్ల మీదే అంతా కక్కి పడిపోయాడు.

ఆటోలో ఆయన తల భాగీరథి ఒళ్లో ఉంది. ఆమె దారి పొడుగునా తిడుతూనే ఉంది, కొంగుతో చెమట తుడుస్తూనే ఉంది. చావొద్దని, చస్తే తనే చంపుతానని అంది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి గండం గడిచిందని గుజరాతీ డాక్టరు చెప్పి, ఫైలు తెరిచి, ఏం తిన్నాడని హిందీలో అడిగాడు.

"మరే హుయే ఆద్మీ కా ఖానా" అంది భాగీరథి, చచ్చిన మనిషి తిండి అని, ఉన్నది ఉన్నట్టుగా.

డాక్టరు ఫైల్లో 'బయటి తిండి' అని రాసుకున్నాడు.