కాపలావాడూ కాగే పాలూ

కొలతమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. కాఫీపొడి చెంచాతో తీసి, దాని మీద వేలితో గీసి చదును చేస్తే తప్ప డబ్బా మూత పెట్టని కోడలికి అత్తగారు పెట్టిన పేరు. ముచ్చటపడి పెట్టిందో, విసుగెత్తి పెట్టిందో అత్తగారికే తెలియాలి. పేరు మాత్రం నిలిచిపోయింది.

ఆ సోమవారం పొద్దున కొలతమ్మ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. వచ్చే వారం గురువారం భర్తతో కలిసి సముద్రం ఒడ్డుకు వెళ్లాలి. అక్కడి అతిథిగృహంలో మేడ మీద మూలగదిలో దిగాలి. మంచం మీంచి లేవకుండానే సముద్రం కనిపించే కిటికీ ఉన్న గది అదొక్కటే. ఆ కిటికీ ముందు కూర్చుని, వేరెవరో కాచిన కాఫీ తాగాలి. అంతే. ఇంత చిన్న కోరికకు ఇప్పటికే మూడుసార్లు గండి పడింది. మూడుసార్లూ ఆ గండి కొట్టింది ఒక్కరే, భర్త పనిచేసే ఆఫీసు మేనేజరు.

ఆ ఆఫీసు పైపులూ కుళాయిలూ అమ్ముతుంది. భర్త అక్కడ గోదాం సూపర్‌వైజరు. మేనేజరు చెడ్డవాడు కాదు. ఆఫీసు బయట ఇంకో లోకం ఉందని తెలియని మనిషి, అంతే. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, అర అంగుళం కుళాయిలు ఎన్నున్నాయని అడుగుతాడు. లీవు కాగితం ముందు పెడితే, "నువ్వెళ్లిపోతే నా గతేమిటయ్యా?" అని తప్పిపోయిన పిల్లాడిలా చూస్తాడు.

"ఏవండీ, మీ మేనేజరు గారికి వేరే పని లేకపోవడమే మనకొచ్చిన తిప్పలు," అంది కొలతమ్మ, కాఫీ గ్లాసు భర్త చేతికిస్తూ. "ఆయన్ని నిలువునా మింగేసే వ్యాపకం ఏదైనా చూడండి."

"నిన్న ఆయనే అడిగాడోయ్. ఆఫీసు కాకుండా ఇంకేదైనా చేసి తీరాలని డాక్టరు చెప్పాడట. 'నువ్వు వీడియో గేమ్‌ల గురించి బాగా మాట్లాడతావుగా, మంచిదొకటి చెప్పు' అన్నాడు."

మాట్లాడే మాట నిజమే. కానీ భర్త జన్మలో గేమ్ కంట్రోలర్ చేత్తో పట్టుకోలేదు. భోజన విరామంలో ఫోనులో ఇతరులు ఆడుతుంటే చూస్తాడు. అయినా ఏ ఆట కష్టమో, ఎందుకు కష్టమో ఆయన్నే అడగాలి. ఒడ్డున కూర్చుని ఈతగాళ్లకు మార్కులు వేసే రకం.

"అయితే అన్నిటికన్నా కష్టమైనది చెప్పండి. మనం వెళ్లి తిరిగి వచ్చేదాకా ఆయన తల ఎత్తకూడదు."

"అయితే బూడిదకోటే," అన్నాడు భర్త, తానే ఆ కోట కట్టించినంత గర్వంగా.

ఆ మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్లో చర్చ రాజుకుంది.

"బూడిదకోటా? మా మంచుకొండ ముందు అదెంత?" అన్నాడు క్యాషియర్. "అందులో ఒక్క అడుగు తప్పితే మళ్లీ కిందినుంచి ఎక్కాలి."

"అది కష్టం కాదు గురూ, కక్ష," అన్నాడు భర్త. "మంచుకొండలో గాలి తోస్తే పడతావ్. నీ తప్పేముంది అందులో? బూడిదకోటలో చచ్చిన ప్రతిసారీ తప్పు నీదేనని నీకే తెలుస్తుంది. కష్టమైన ఆటంటే అదీ."

మేనేజరు చేతిలో టీ చల్లారిపోతోంది. "నువ్వు ఆడావా?" అన్నాడు.

"మొదటి గుమ్మం దాటేదాకా నిద్రపోలేదు సార్."

ఆ ఒక్క ముక్కా భర్త కొలతకు మించి వేశాడు.

మర్నాడు మేనేజరు గేమ్ డిస్కు పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. "ఇది మా ఇంట్లో ఆడదటయ్యా!" ఆయన ఇంట్లో ఉన్నది కూతురు వదిలి వెళ్లిన తెల్ల కన్సోల్, టీవీకి తగిలించే ఆటల పెట్టె. బూడిదకోట ఇంకో కంపెనీవారి నల్ల కన్సోల్ మీద తప్ప నడవదు. ఆ కంపెనీ దాన్ని తమ పెట్టె కోసమే చేయించుకుంది.

"ఒకరి కళ్లజోడు ఇంకొకరికి పనికిరానట్టు సార్," అని నసిగాడు భర్త.

"ముందే చెప్పొద్దూ?" అన్నాడు మేనేజరు. మొదలుపెట్టిన పని మధ్యలో వదలడం ఆయనకు చేతకాదు. సాయంత్రానికల్లా నల్ల పెట్టె కూడా కొనేశాడు. "ఇక నువ్వే నా గురువువి," అన్నాడు. భర్తకు ఆ మాట దీవెనలా వినిపించలేదు.

బుధవారం తెల్లవారకముందే ఫోన్ మోగింది.

"గుమ్మంలోనే చంపేస్తున్నాడయ్యా!"

"ఎవరు సార్?"

"ఎవరేమిటి, కాపలావాడు! ఆ ఇనుపగద వాడు! ఎలా పడగొట్టావు వాణ్ణి?"

"కొంచెం ఓపిక పట్టాలి సార్."

"పడుతూనే ఉన్నాను, వాడు పట్టనిస్తేగా! చూడు, నీ లీవు కాగితం నా బల్లమీదే ఉంది. మనసు కుదరక సంతకం పెట్టలేకపోతున్నాను. ఆ తలుపు తెరుచుకున్న రోజున కళ్లు మూసుకుని పెట్టేస్తాను."

భర్త ఫోన్ పెట్టేసి మంచం మీద కూలబడ్డాడు. "వెళ్లి నిజం చెప్పేస్తానోయ్."

"చెబితే లీవిస్తారా?"

"ఉన్న మర్యాద కూడా తీసేస్తాడు."

"అయితే కాపలావాణ్ణి పడగొట్టడమే తేలిక," అంది కొలతమ్మ, చీపురు మూలన పెట్టి.

వీధి చివరి ఎలక్ట్రానిక్స్ కొట్టులో, ఫ్యాన్లకూ మిక్సీలకూ మధ్య, వచ్చినవాళ్లు ఆడి చూడటానికి ఒక నల్ల కన్సోల్ పెట్టారు. దాంట్లో బూడిదకోటే ఉంది. కొలతమ్మ కూరగాయల సంచితో లోపలికి అడుగుపెట్టింది.

"మిక్సీలు ఆ పక్కనమ్మా," అన్నాడు కొట్టు యజమాని.

"చూశానండి. పై వరసలో చివరిదాని మూత సరిగా కూర్చోలేదు. నాకిది కావాలి."

"అది కాలక్షేపం ఆట కాదమ్మా. పెద్దపెద్ద వాళ్లే కోపమొచ్చి విసిరికొట్టారు. అందుకే కంట్రోలర్‌ని వైరుతో కట్టేశాం."

"నేను వస్తువులు విసరనండి," అని ఆమె సంచి కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడింది.

తెర మీద పొగలో కోట కనిపించింది. గుమ్మంలో కాపలావాడు గద ఎత్తాడు. కొలతమ్మ పక్కకు దూకింది. దూకినచోటే గద పడింది. 'మీరు బూడిదయ్యారు' అని అక్షరాలు వెలిశాయి. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ బూడిదైంది. ఆ రోజంతా, మర్నాడూ, ఆ మర్నాడూ అదే వరస. బల్బు కొనడానికి వచ్చినాయన బల్బు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"వెనక్కి దూకండమ్మా!"

"వెనక గోడ ఉందండి."

"మరి ఎదురెళ్లండి!"

"నిన్న వెళ్లాను. మీరు లేరు."

శనివారానికి కొట్టు యజమాని ఆమె కోసం ఒక స్టూలు వేయించాడు. మధ్యమధ్య భర్త ఫోన్ చేసి, "ఏమైనా తేలిందా? ఆయన నా బల్ల దగ్గరే నిలబడ్డాడు," అని గుసగుసలాడేవాడు. కొలతమ్మ ఒక్కోసారి కంట్రోలర్ కింద పెట్టేసేది. కిటికీ గుర్తొచ్చి మళ్లీ కంట్రోలర్ పట్టుకునేది.

ఆదివారం ఆమె దూకడం మానేసి ఊరికే చూసింది. కాపలావాడు గద ఎత్తగానే దించడు. ఎత్తి, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు నిశ్చలంగా ఆగుతాడు. మనం ఎటు దూకామో చూసుకుని అటు కొడతాడు. ఎక్కడో చూసిన ఆగడమే అది. రోజూ పొద్దున్నే పొయ్యి దగ్గర చూస్తున్నదే.

మరుసటిసారి ఆమె ఆ క్షణం దాకా కదల్లేదు. అప్పుడు పక్కకు తప్పుకుంది. గద నేలను కొట్టింది. అలాగే తప్పుకుంటూ, మధ్యలో ఒక్కో దెబ్బ వేస్తూ పోయింది. చివరికి కాపలావాడే బూడిదయ్యాడు. తలుపు కిర్రుమని తెరుచుకుంది. బల్బు ఆయన చప్పట్లు కొట్టబోయి బల్బు పగలగొట్టాడు.

"పాలు పొంగబోయే ముందు ఒక్క క్షణం కదలకుండా ఉంటాయి కదండీ, అచ్చం అలాగే," అని భర్తకు ఫోనులో చెప్పింది. "ముందు దించితే పచ్చిపాలు, తర్వాత దించితే పొయ్యి తుడుచుకోవాలి. ఆ క్షణమే పట్టుకోవాలని చెప్పండి."

భర్త ఆ మాట మేనేజరుకు పొల్లుపోకుండా ఒప్పజెప్పాడు. ఇబ్బంది ఒక్కటే. మేనేజరు పుట్టి బుద్ధెరిగాక పాలు కాచలేదు.

సోమవారం పొద్దున కొలతమ్మకు ఫోన్ వచ్చింది. మేనేజరు భార్య. ఇద్దరూ ఆఫీసు విందుల్లో కలిసినవాళ్లే.

"అమ్మాయ్, మీవారేమైనా చెప్పారా? మావారు పొద్దున్నే లేచి పొయ్యి ముందు నిలబడ్డారు. పాలగిన్నెలోకి కళ్లార్పకుండా చూస్తూ 'ఇంకా లేదు, ఇంకా లేదు' అంటున్నారు. పొంగగానే 'చచ్చాను' అని అరుస్తున్నారు. మళ్లీ పాలు పొయ్యమంటున్నారు. ఇంట్లో ఉన్న పాలన్నీ అయిపోయాయి."

కొలతమ్మ నోరు తెరిచింది. నిజం చెబితే భర్త అబద్ధం బయటపడుతుంది, సంతకం గాల్లో కలుస్తుంది. నోరు మూసుకుంది. "కొంచెం పని ఒత్తిడేమో అక్కయ్యా," అంది.

"నేనూ అదే అనుకున్నాను. గాలి మారితే బాగుంటుంది. నీకేదైనా ప్రశాంతమైన చోటు తెలుసా?"

అడిగితే చెప్పకుండా ఉండలేదు. చెప్పేదేదో సగం సగం చెప్పడం కొలతమ్మకు అలవాటు లేదు. సముద్రం, అతిథిగృహం, మేడ మీద మూలగది, కిటికీ, అన్నీ చెప్పేసింది. ఈ మనిషి ఎప్పుడో ఎండాకాలంలో వెళుతుందిలే అనుకుంది.

మంగళవారం పొద్దున్నే మేనేజరు ఆనందం ఫోనులోంచి ఇల్లంతా పరుచుకుంది. "తెరుచుకుందయ్యా! తలుపు తెరుచుకుంది! ఆఫీసుకు రాగానే చేసే మొదటి పని నీ సంతకం!"

కొలతమ్మ అటకమీంచి సూట్‌కేసు దించి, దుమ్ము దులిపి, బట్టలు సర్దింది.

భర్త ఆఫీసుకు వెళ్లేసరికి మేనేజరు కుర్చీ ఖాళీగా ఉంది. మేనేజరు భార్యకు పెద్దాఫీసు అధికారి అన్నయ్య వరస అవుతాడు. ఆవిడ ఆయనతో పాల సంగతంతా చెప్పుకుని ఏడ్చింది. ఆయన కంగారుపడి, మేనేజరు ఆ క్షణం నుంచే విశ్రాంతి తీసుకోవాలని ఆర్డరు పంపాడు. ఆయన తిరిగి వచ్చేదాకా ఆఫీసు బాధ్యత గోదాం సూపర్‌వైజరుది.

"నన్ను ఇన్‌ఛార్జిని చేశారోయ్," అన్నాడు భర్త, ఫోనులో. చావుకబురు కూడా అంతకంటే ఉత్సాహంగా చెబుతారు. "అందరి లీవుల మీదా నేనే సంతకం పెట్టొచ్చు. నాది తప్ప."

కొలతమ్మ ఫోన్ పెట్టేసింది. తర్వాత అతిథిగృహానికి ఫోన్ చేసి, నాలుగోసారి మూలగది వద్దని చెప్పింది. సూట్‌కేసు మాత్రం అటకెక్కించలేదు.

ఆ సాయంత్రం మేనేజరు భార్య మళ్లీ ఫోన్ చేసింది. "అంతా నీ చలవే అమ్మాయ్! నువ్వు చెప్పిన చోటికే రేపు బయలుదేరుతున్నాం. మూలగది మొదట లేదన్నారు. ఎవరో పాపం ఇవాళే మానుకున్నారట!"

"పాపం," అంది కొలతమ్మ.

గురువారం పొద్దున భర్త ఫోన్ మోగింది. మేనేజరు గొంతుకంటే ముందు అలల హోరు వినిపించింది.

"రెండో గుమ్మం దగ్గర ఇద్దరున్నారయ్యా! నల్ల పెట్టె వెంట తెచ్చుకున్నాను, అది లేనిదే విశ్రాంతి ఎలా కుదురుతుంది? తొందరగా చెప్పు, ఇద్దర్నీ ఎలా పడగొట్టావు?"

భర్త, "ఓపిక..." అని మొదలుపెట్టాడు. కొలతమ్మ ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"నమస్కారం సార్. మొదటి కాపలావాణ్ణి పడగొట్టింది మావారు కాదండి, నేను. పాల సంగతీ నాదే."

అటుపక్క కంట్రోలర్ కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"మరి... మీవారు?"

"ఆయన ఆట చెబుతారండి. ఆడరు."

"పోనీ మీరే చెప్పండమ్మా! ఇద్దరూ ఒకేసారి మీద పడుతున్నారు."

"చూడకుండా చెప్పడం మావారి పద్ధతి. నాకు కళ్లతో చూస్తేగానీ కుదరదు."

"అయితే వచ్చి చూడండి! అయ్యో, ఎలా వస్తారు? మీవారికి లీవు దొరకదే!"

ఆ మాట కొలతమ్మ చెవిలో ఆగింది. ఇన్నాళ్లూ ఎవరి బల్ల మీదో ఎవరి సంతకం కోసమో పడి ఉన్న కాగితాల్లో ఒక్కదాని మీదా తన పేరు లేదు.

"లీవు ఆయనకు కావాలి సార్. నాకెందుకు?" అంది. "మూలగది ఇస్తానంటే మధ్యాహ్నం బస్సుకు వస్తాను."

అటుపక్క గుసగుసలు, ఆ వెనక మేనేజరు భార్య గొంతు: "ఇచ్చెయ్యండి మహానుభావా! ఆ పెట్టె కింద హాల్లో పెట్టుకోండి, వెనక గదిలో దాని చప్పుడు లేకుండా నాకు కాస్త నిద్రైనా పడుతుంది."

కొలతమ్మ సూట్‌కేసు గుమ్మం దాకా తెచ్చింది. అందులో కొత్తగా సర్దాల్సిందేమీ లేదు.

"మరి నేనో?" అన్నాడు భర్త.

"మీరు ఇన్‌ఛార్జి కదండీ. పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. పొంగే ముందు ఒక్క క్షణం ఆగుతాయి, అప్పుడు దించండి."

"నాకు తెలుసులేవోయ్, ఆ సలహా ఊరంతా చెప్పింది నేనేగా!"

మర్నాడు పొద్దున మూలగది కిటికీ ముందు కూర్చుని కొలతమ్మ కాఫీ తాగింది. ఎవరో కాచిన కాఫీ. పొడి కొంచెం ఎక్కువైంది, అయినా ఆమె ఏమీ అనలేదు. ఎదురుగా సముద్రం ఎంత ఉండాలో అంతా ఉంది. కింద మేనేజరు "అమ్మా, మళ్లీ బూడిదయ్యాను!" అని కేకేశాడు. "కాఫీ అవనివ్వండి సార్," అని ఆమె కిటికీలోంచే బదులిచ్చింది.

ఆ సమయానికి ఇంటి దగ్గర ఇన్‌ఛార్జి గారు పొయ్యి తుడుచుకుంటున్నారు.