శ్రావణంలో రబ్బరు కప్ప

ఆ రోజు పొద్దున తిక్కయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. చేనికి పోతున్నానని ఇంట్లో చెప్పి, కౌతాళం దాటి తుంగభద్ర కాలువ గట్టుకు పోవాలి. మూడు కొరమీన్లు పట్టాలి. ఆ మూడింటినీ మళ్లీ నీళ్లలోకి వదిలేయాలి. పొద్దెక్కేసరికి కలుపు తీసి అలసిపోయిన మొహంతో ఇంటికొచ్చి జొన్నరొట్టె తినాలి.

పట్టిన చేపను వదలడమెందుకని ఎవరికైనా అనుమానం వస్తుంది. వచ్చింది కూడా. తిక్కయ్య కష్టమంతా అక్కడే మొదలైంది.

ఎండాకాలంలో అతనికి కామెర్లు ముదిరి, కళ్లు పసుపు ముద్దలై, మనిషి మంచానికి అంటుకుపోయినప్పుడు భార్య ఉచ్చీరమ్మ ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుంది. మనిషి దక్కితే శ్రావణమాసమంతా ఇంట్లో నీచు వండదు, మొగుడి చేతుల మీద ఒక్క ప్రాణం కూడా పోనివ్వదు. తాతల కాలం నుంచీ శ్రావణంలో చేప జోలికి పోని పుట్టిల్లు తనదని ఆమె గొప్పగా చెప్పుకునేది. మనిషి దక్కాడు. శ్రావణం వచ్చింది. కాలువకు నీళ్లొచ్చాయి, నీళ్లతో చేపలూ వచ్చాయి. పదేళ్ల వయసు నుంచీ గాలం పట్టిన తిక్కయ్య చేతులు మాత్రం, మొక్కుకునేటప్పుడు మమ్మల్నెవరూ అడగలేదన్నట్టు దురద పెట్టసాగాయి.

చంపకూడదన్నారు గానీ పట్టకూడదన్నారా అని తిక్కయ్య తనలో తనే వాదించుకుని తనే గెలిచాడు. గాలానికి బతికున్న కప్పను గుచ్చితే అదీ ప్రాణమే కాబట్టి, బస్టాండు దగ్గర సైకిల్ షాపు పెట్టుకున్న స్నేహితుడు ఖలందర్ చేత పాత ట్యూబుతో మెత్తని రబ్బరు కప్పను చేయించుకున్నాడు. అంత ధర్మంగా ఆలోచించిన మనిషి మొదటి రోజే చిక్కులో పడ్డాడు. కొరమీను కప్పను కరిచాక పది లెక్కపెట్టి లాగమని అతని నాయన నేర్పిన పాఠం. అలవాటు కొద్దీ పది లెక్కపెట్టాడు. చేప గాలాన్ని గొంతు దాటించేసింది. దాన్ని బయటికి తీసేసరికి అరగంట పట్టింది, చేప పక్కకు ఒరుగుతూ వెళ్లిపోయింది. అది బతికిందో లేదో తెలియక తిక్కయ్యకు ఆ పూట ముద్ద దిగలేదు.

ఖలందర్ గాలాన్ని తిప్పి తిప్పి చూశాడు. కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ఆకురాయితో అరగదీశాడు.

"మెత్తగా ఉంది కదా తిక్కన్నా, నిజం కప్పే అనుకొని మింగుతాది. దానికి ఆ టైమే ఇయ్యొద్దు. దారం బిగించి పట్టుకో. ముట్టినాదంటే ఒకటి అనకముందే లాగు. పెదవికి తగుల్తాది, కడుపులోకి పోదు."

ఆ ఉపాయం పారింది. వారం రోజుల్లో పదహారు చేపలు పెదవి చివర చిన్న గాయంతో తిరిగి కాలువలోకి పోయాయి. పథకం ప్రకారం ఆ రోజు కూడా మూడు పట్టి, మూడూ వదిలి, తిక్కయ్య నిశ్చింతగా ఇల్లు చేరాడు.

రోజూ లాగే ఉచ్చీరమ్మ అతన్ని వాకిట్లో వెలుతురుకు నిలబెట్టి, కంటి రెప్పలు కిందికి లాగి చూసింది. కామెర్లు తగ్గినప్పటి నుంచీ ఆమెకదో నిత్యపూజ. కళ్లు తెల్లగానే ఉన్నాయి. కళ్లలో నీళ్లు తిరిగి తిక్కయ్య చేత్తో తుడుచుకోబోయేసరికి, ఆ చెయ్యి ఆమె ముక్కు పక్కగా పోయింది.

"ఏమయ్యా, నీ చేతులు నీచు కంపు కొడతాండాయి."

"కాలువ నీళ్లు అట్లే ఉంటాయిలే."

"మన చేనికి కాలువ నీళ్లు ఎప్పుడొచ్చినాయి?"

తిక్కయ్య ఇంకో రొట్టె అడిగాడు. ఆమె రొట్టె వేసి, వెనక్కి పోయి అతని సంచి తిరగేసింది. గాలం ఎప్పటిలాగే ఖలందర్ షాపులో ఉంది. సంచిలో చేప కూడా లేదు. చేప ఉంటే ఆమె ఒక్కసారి తిట్టి ఊరుకునేదేమో. చేతికి వాసన ఉంది, సంచిలో చేప లేదు. అంటే చేప ఎక్కడికో పోయింది. ఎవరి పొయ్యి మీదో ఉడికింది. ఈ మనిషి అక్కడ కూర్చుని తిన్నాడు. ఇంకో ఆడమనిషి సంగతైతే ఆమె పోట్లాడి తేల్చుకోగలదు. ఈరన్నతో ఎట్లా తేల్చుకుంటుంది? మళ్లీ పోయి మొగుడి కళ్లు చూసింది. ఈసారి ఒక మూల పసుపు కనిపించినట్టే అనిపించింది. అటువైపు పోతున్న లారీ డ్రైవరు చేత మాధవరంలో ఉన్న అన్న శేషప్పకు కబురు పంపింది.

శేషప్ప మధ్యాహ్నం బస్సుకే గొడుగుతో సహా దిగాడు. అనుమానించడానికి ఒక మనిషిని చూపిస్తే చాలు, ఆయనకు అన్నం అక్కర్లేదు. ఇంటికి కూడా పోకుండా నేరుగా బావ కోసం వెతికి, సైకిల్ షాపులో మాటలు వినబడితే వెనకవైపు గోడ దగ్గర నిలబడ్డాడు.

"మింగనిచ్చినావంటే పని చెడుతాది," అంటున్నాడు ఖలందర్.

"ఇంగ మింగనియ్యనప్పా. ఇంట్లో ఆ యమ్మకు వాసన తెలిసిపోయింది," అన్నాడు తిక్కయ్య.

అదే సమయానికి పెరట్లో ఖలందర్ తల్లి దౌలత్‌బీ సంతలో కొన్న చేపలకు పొలుసు గీకుతోంది. శేషప్పకు ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది.

సాయంత్రం తిక్కయ్య ఇంటికొచ్చేసరికి ఉచ్చీరమ్మ ట్రంకు పెట్టె గడప దగ్గర ఉంది. దాని మీద శేషప్ప కూర్చుని ఉన్నాడు.

"నిజం సెప్పు. యాడ తింటాండావు?" అంది ఉచ్చీరమ్మ.

తిక్కయ్య నిజం చెప్పాడు. అది అతను చేసిన తప్పుల్లో అన్నిటికంటే పెద్దది.

"పట్టి ఇడిసిపెడతాండావా?" అన్నాడు శేషప్ప. "ఎవరికి సెప్తావు బావా? అన్నం కలుపుకొని పారబోసేవాడు ఉంటాడా?"

ఖలందర్‌ను పిలిపించారు. ఆ మంచిమనిషి స్నేహితుణ్ణి కాపాడాలని గట్టిగానే ప్రయత్నించాడు.

"మా ఇంట్లో ఒక్క ముక్క ముట్టలేదక్కా. మా యమ్మ వండుతాంటే వాసన మాత్రం సూసినాడు."

ఉచ్చీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నువ్వు తింటే తిన్నావులే గానీ, మళ్లా ఆ రోగమొస్తే నేనేం కావాల?" అంది. తిక్కయ్యకు కోపమంతా పోయి సిగ్గేసింది. ఈ మనిషి తన కోసం ఇంత భయం మోస్తుంటే తాను రబ్బరు కప్పతో ఆడుకుంటున్నాడు.

"రేపు పొద్దున కాలువకు రా. నీ కళ్లతో సూడు. చేప సచ్చిపోతే నువ్వు మీ యన్న వెంబడి పో, నేను అడ్డం రాను," అన్నాడు.

చేపను పట్టి వదిలేస్తాడట అన్న మాట ఊళ్లో రాత్రికి రాత్రే పాకింది. తెల్లారేసరికి గట్టు మీద ముప్పై మంది ఉన్నారు. అందరూ తిక్కయ్య చేతుల వైపే, దొంగ పందెం ఆడేవాణ్ణి చూసినట్టు చూస్తున్నారు. శేషప్ప గొడుగు మడిచి, ట్రంకు పెట్టె పక్కన పెట్టుకుని ముందు వరసలో నిలబడ్డాడు.

తిక్కయ్య రబ్బరు కప్పను తుంగగడ్డి పక్కన వేసి మెల్లగా కదిలించాడు. దారం బిగించే పట్టుకున్నాడు. నీళ్లు ఒక్కసారి బుడుంగుమన్నాయి. ఆ క్షణంలో అతను చేపను చూడాల్సింది. ఉచ్చీరమ్మ మొహం చూశాడు. ఆమె కళ్లు మూసుకుని ఈరన్నను తలుచుకుంటోంది. చూస్తూ చూస్తూ అతని పెదవులు వాటంతట అవే ఒకటి, రెండు, మూడు అనడం మొదలుపెట్టాయి.

"లాగన్నా," అని ఖలందర్ అరిచేసరికి ఏడు దాటింది.

మూరెడు కొరమీను గట్టు మీద పడింది. దాని నోట్లో గాలం కనబడలేదు, దారం మాత్రం లోపలికి పోయింది. తిక్కయ్య రెండు వేళ్లు పెట్టి చూశాడు, అందలేదు. చేప కొట్టుకోవడం తగ్గుతోంది.

"నేను సెప్పలా?" అన్నాడు శేషప్ప, పెట్టె ఎత్తుకుంటూ.

ఉచ్చీరమ్మ కళ్లు తెరిచింది. చేపను చూసింది, మొగుణ్ణి చూసింది. "తప్పుకో," అని ముందుకొచ్చి కొంగు తడిపి చేపను చుట్టి పట్టుకుంది. మొప్ప సందులోంచి చిటికెన వేలు లోపలికి పోనిచ్చి, గాలాన్ని తలకిందులుగా తిప్పి, నోటి గుండా ఒక్క రవ్వ నెత్తురు కూడా లేకుండా బయటికి తీసింది. పది లెక్కపెట్టేంత సేపు కూడా పట్టలేదు. చేపను నీళ్లలో నిలబెట్టి, అది తోక ఆడించేదాకా ఆగి వదిలింది. కొరమీను నిటారుగా ఈదుకుంటూ తుంగలోకి పోయింది.

ఉచ్చీరమ్మ చేతులు కడుక్కుని, "ఇడిసిపెట్టేది నిజమేలే. పెట్టె ఇంటికి తీసుకుపోన్నా," అంది. ఆమె మొహంలోకి చాలా రోజుల తర్వాత నెమ్మది వచ్చింది.

తిక్కయ్యకు ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణంతో పాటు ఒక ఆలోచన కూడా వచ్చింది.

"ఈ విద్య యాడ నేర్చుకొంటివి?"

"మాధవరంలో ఏటి గట్టున పుట్టినా. ఇంత మాత్రం రాదా?"

"తినే చేపకైతే కడుపు కోసి గాలం తీస్తారు. బతికించి తీసే పని మీకెప్పుడు పడింది? తాతల కాలం నుంచి శ్రావణం పట్టే ఇల్లంటివి కదా మీది, శ్రావణంలో మీరు కూడా పట్టి ఇడిసిపెట్టినారా?"

ఉచ్చీరమ్మ అన్న వైపు చూసింది. ఆమెతో పాటు గట్టు మీదున్న ముప్పై మందీ చూశారు. శేషప్ప పెట్టె కింద పెట్టి గొడుగు విప్పాడు.

"నాకు బస్సు టైమైంది," అన్నాడు.

మాధవరం పోయే బస్సు సాయంత్రం ఆరింటికి. అప్పటికింకా పొద్దున ఏడు కూడా కాలేదు.