మెరుపు జాడీకి ప్రార్థన

నరసాపురం మిషన్ బడిలో యెహెజ్కేలు మాష్టారి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ వేళ పది గంటలకు ఇన్‌స్పెక్టరు దొరగారు రేవు దాటి మాష్టారి ఇంటికే వస్తారు. మాష్టారు మెరుపును జాడీలో పట్టి చూపిస్తాడు. దొరగారు మెచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే పోలవరం బడికి బదిలీ.

తల్లి సంపూర్ణమ్మకు పోలవరం అంటే కొండజ్వరమే. జాడీ పనిచేస్తే కొడుకు కాలిపోతాడు, చేయకపోతే జ్వరంతో పోతాడు. రెండు భయాలూ కలిసి పదిరోజులుగా ఆవిడకు అన్నం సహించడం లేదు.

ఇంట్లో ఉన్న ఊరగాయ జాడీలన్నిటికీ మాష్టారు లోపలా బయటా తగరపు రేకు అంటించి చూశాడు. మందపాటివి పనికిరాలేదు. చివరికి పల్చటి గాజు జాడీ కుదిరింది. మూతలోంచి ఇత్తడి కడ్డీ, దాని పైన గుండు. గాజు చక్రం తిప్పితే రాపిడికి పుట్టిన విద్యుత్తు గుండులోంచి దిగి జాడీలో నిలవాలి. కానీ శ్రావణం ముసురు. కిటికీలో పెట్టిన జాడీ తడిగాలికి ఎక్కించినదంతా పోగొట్టుకుంటోంది.

ఆ పొద్దున చూస్తే జాడీ పొయ్యి పక్క గట్టు మీదుంది.

"ఇక్కడెవరు పెట్టారమ్మా?"

"నేనే నాయనా. కిటికీలో ఉంటే పైనున్న మెరుపు చూడదూ? తన పిల్లను తీసుకుపోవడానికి దిగదూ?"

వాదించే వ్యవధి లేదు. అక్కడే చక్రం తిప్పి, "గుండు మాత్రం నువ్వు ముట్టుకోకు" అని చెప్పి రేవుకు పరుగెత్తాడు.

సంపూర్ణమ్మ వెంటనే సంఘపెద్ద చిట్టియ్యగారికి కబురు పెట్టింది. అరుగు మీద లేసు అల్లుకుంటున్న ఆడవాళ్లనూ లోపలికి పిలిచింది.

"పేలుతుందంటావా వొదినా? నిన్ననే మా కప్పుకి కొత్త తాటాకు వేయించాం" అంది పక్కింటి లోవలక్ష్మి.

"అందుకేగా ప్రార్థన! అందరూ చేతులు పట్టుకోండమ్మా. ఎవరైనా తూలితే పక్కవాళ్లు ఆపాలి."

వరస ఈ చివర సంపూర్ణమ్మ, జాడీ దొర్లిపడకుండా దాని నడుం దగ్గర, తగరపు రేకు మీద పట్టుకుని నిలబడింది. గుండు ముట్టుకోవద్దన్నది తననే కాబట్టి, ఆ మాట ఇంకెవరికీ చెప్పలేదు. గదిని చుట్టివచ్చిన వరస ఆ చివర చిట్టియ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నారు.

అంతలో మాష్టారు దొరగారితో గుమ్మంలోకి వచ్చాడు. దొరగారు మర్యాదగా టోపీ చంకన పెట్టుకుని, వరసలో ఖాళీ కనబడితే నిలబడ్డారు. చెరోపక్కనుంచీ లోవలక్ష్మీ, లేసు అల్లే సత్యకుమారీ ఆయన చేతులు గట్టిగా పట్టేశారు. మాష్టారు అరవబోయాడు. ప్రార్థనలో నోరెత్తితే ఆ ఇంట్లో ఏమవుతుందో పాతికేళ్లుగా తెలిసినవాడు గనక, ఆగాడు.

"ఆమేన్" అంటూ చిట్టియ్యగారు, పిల్లల తల నిమిరినట్టు, ఇత్తడి గుండు మీద చెయ్యి వేశారు.

పదకొండు మంది ఒక్కసారే జానెడు ఎగిరి పడ్డారు. దొరగారి టోపీ పప్పుగిన్నెలో పడింది.

"అయ్యో, నా కొడుకు ఉద్యోగం!" అంది సంపూర్ణమ్మ కూలబడి.

దొరగారు తన చేతుల వంక చూసుకుంటూ లేచారు. "ముసురులో ఇంత బలమా? జాడీకి ఈ పొడి చోటు ఎవరు చూశారు?"

"మా అమ్మేనండి."

"ఉద్యోగం ఖాయం. ఈ ప్రయోగం అన్ని బడుల్లో చూపించాలి. మొదట పోలవరం. జాడీ ఎక్కడ పెట్టాలో చెప్పడానికి అమ్మగారిని కూడా తీసుకువెళ్లండి."

సంపూర్ణమ్మ ఆ సాయంత్రమే మళ్లీ ప్రార్థనకు కూర్చుంది, ఈసారి ఒక్కతే, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని.