మా అక్క కోరికకు ఎనభై శాతం

మనిషికేం కావాలో ఆ మనిషినే అడిగి, చెప్పింది విని, చేసిపెట్టడం శుద్ధ అనాగరికం! అలాంటి మోటు పద్ధతులు అమెరికాలో, మా మిన్నెసోటా రాష్ట్రంలో ఎప్పుడో పోయాయి. ఇప్పుడు మాకు ప్లాను ఉంది. మనిషిని మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ ఏడుగురం చేరి, ఆవిడ జీవితం ఆవిడ ఇష్టప్రకారమే నడిచేలా మేం తయారుచేసే ప్లాను. నవ్వకండి. ఆ ఏడుగురిలో నేనూ ఒకణ్ణి.

మధ్యలో కూర్చునేది మా అక్క ఆర్డిత్. యాభై ఎనిమిదేళ్ళు. పుట్టుకతోనే బుద్ధి కాస్త నెమ్మది, నోరు మాత్రం కాదు. తనలాంటి మరో ముగ్గురితో కలిసి, సిబ్బంది చూసుకునే ఒక హోమ్‌లో ఉంటుంది. అక్కడ ఇరవై మూడేళ్ళు ఆమె గదిలోనే ఉన్న స్నేహితురాలు లోర్నాను, మోకాళ్ళు మొరాయించాయని, మెట్లు లేని ఇంకో హోమ్‌కి మార్చారు. పదకొండు మైళ్ళ దూరం.

ఈ ప్లాను కోసం ఏడాదికోసారి అక్క మీటింగు. గోడ నిండా పెద్ద పెద్ద కాగితాలు, రంగురంగుల స్కెచ్ పెన్నులు, పైన అక్క ఫోటో, దాని పక్కన పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ. ఆ పువ్వే లేకపోతే ఇదంతా అక్క కోసమేనని ఎలా తెలుస్తుంది చెప్పండి?

"ఆర్డిత్ గారూ, ఇది మీ మీటింగండీ! ఇక్కడ మీరే బాసు! చెప్పండి, మీ కల ఏంటి?" అంది ప్లాను రాసే టానియా.

"లోర్నాను చూడాలి," అంది అక్క.

చూశారా అన్యాయం! రెండు ముక్కల్లో తేల్చేస్తే మిగతా గంటా యాభై నిమిషాలు మేమేం చేయాలి? కానీ మేం మాత్రం తక్కువ తిన్నామా? చూడాలంటే ఆమె అసలు ఉద్దేశం సామాజిక అనుబంధమని నర్సు చెప్పింది. కాదు, నలుగురిలో కలవడమని మేనేజరు సర్దాడు. అంటే హాల్లో బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆటేనని ఇంకెవరో తేల్చారు.

"బౌలింగ్ నాకెందుకు? లోర్నా!" అంది అక్క.

"ఎంత చక్కగా చెప్పుకుంటున్నారో!" అంటూ టానియా చప్పట్లు కొట్టింది. మేమూ కొట్టాం. ఇన్ని చప్పట్లు మీ అక్కకెప్పుడైనా దక్కాయా?

అయితే ఒక చిక్కుంది. కోరికను కోరికలా రాస్తే పై ఆఫీసు ఒప్పుకోదు. దాన్ని కొలవాలి. ఐదుసార్లలో నాలుగుసార్లు, ఎనభై శాతం, రోజూ ఒక టిక్కు. ఇద్దరు ముసలమ్మలు ఒకరినొకరు చూసుకుని మురిసిపోవడాన్ని ఏ స్కేలుతో కొలుస్తారు? అందుకని టానియా బుర్రపెట్టి ఆలోచించి ఇలా రాసింది: "మూడు ఫోటోల్లోంచి తన స్నేహితురాలి ఫోటోను ఆర్డిత్ ఎనభై శాతం కచ్చితంగా గుర్తిస్తుంది."

ఇరవై మూడేళ్ళు పక్క మంచం మీంచి గురక వినిపించిన మనిషిని! మేం ఏడుగురం సంతకాలు చేశాం. నా పెన్ను కూడా బాగానే రాసింది.

రోజూ మధ్యాహ్నం భోజనం దగ్గర మూడు ఫోటోలు పెట్టేవారు. లోర్నా ఒకటి, ఫైరింజన్ ముందు నిలబడ్డ ఒకాయన, పత్రికలోంచి కత్తిరించిన టోపీ ఆవిడ. అక్క వేయించిన బంగాళాదుంపల ప్లేటు పక్కకు జరిపి, "ఇదిగో లోర్నా. పదండి, పోదాం," అని లేచి కోటు తొడుక్కునేది. వాళ్ళు టిక్కు పెట్టి, కోటు విప్పించేవారు. తర్వాత ప్లానులో ఇంకో పేజీ చేరింది. దాని పేరు "అకారణంగా కోటు తొడుక్కునే ప్రవర్తన."

ఆరు నెలల్లో అక్క నూటికి నూరు తెచ్చుకుంది! మా వంశంలో ఎవరికైనా వచ్చాయా? లక్ష్యం నెరవేరింది కాబట్టి, రూలు ప్రకారం లోర్నాను ప్లానులోంచి కొట్టేశారు. కేకు కోశారు.

"లోర్నా ఏది?" అంది అక్క, కేకు ముట్టుకోకుండా.

"అది మీరు సాధించేశారుగా! ఇక కొత్త లక్ష్యం!" అంది టానియా. కొత్త లక్ష్యం బౌలింగ్.

ఇంత గొప్ప ఏర్పాటును వెటకారం చేయడానికి నాకు నోరెలా వస్తోందంటారా? వస్తుంది మరి. పోయిన నెల లోర్నాకు న్యుమోనియా పట్టుకుంది, ఎక్కువ రోజులు ఉండదన్నారు. వెంటనే టానియాకు ఫోన్ చేశాను. ఆమె కూడా వెంటనే, వచ్చే గురువారానికి అత్యవసర మీటింగు పెట్టింది. ఆ సంగతి చెబుదామని నేను అక్క దగ్గరికి వెళ్ళాను.

అంతా విని, అక్క కిటికీలోంచి బయటికి చూసింది.

"ఒరే, అది నీ కారే కదా?" అంది.

"నాదే."

"మరి నువ్వు తీసుకెళ్ళు."

సిగ్గులేని నా నోరు ఏమందో తెలుసా?

"ముందు మీటింగులో అడుగుదాంలే అక్కా."

అక్క నాకు వీపు పెట్టి, కుర్చీని కిటికీ వైపు తిప్పుకుంది. నన్ను కూడా వాళ్ళలో కలిపేసిందని నాకు అర్థమైంది. అయినా లేచి, తలుపు దగ్గరికేసి, ఇంటికి వచ్చేశాను.

లోర్నా ఆదివారం పోయింది. గురువారం మీటింగు అనుకున్న టైముకే మొదలైంది, ఏడుగురం వచ్చాం. అక్క రానంది. ఆమె లేదని మీటింగేమీ ఆగలేదు.