సంచిలో గొంతు

ఆళ్లగడ్డలో లహరి ఇంటికి వెళ్లాలి, ఏ సందడీ లేని గదిలో పిల్ల పక్కన మౌనంగా కూర్చుని చూడాలి. ఆ ఉదయం నంద్యాలలో బస్సెక్కేటప్పుడు కృపావతి అనుకున్నది అంతే. ఆమె ఆటిజం ఉన్న పిల్లలకు పాఠాలు చెప్పే టీచరు. తొమ్మిదేళ్ల లహరికి మాటలు రావు. బొమ్మను తాకితే మాట పైకి పలికే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారైంది. అది పిల్లకు నిజంగా పనికొస్తుందో లేదో తేల్చాల్సింది కృపావతే. ఇదివరకటిది "నాకు దాహముగా ఉన్నది" అని పుస్తకం భాషలో పలికితే లహరి దాన్ని మంచం కిందకు తోసేసింది. అందుకే ఈసారి నంద్యాల పిల్ల చేతే మాటలు చెప్పించి రికార్డు చేశారు. ఇదీ మంచం కిందకే పోతే మరొకటి చేసే ఓపిక ఎవరికీ లేదు.

బస్సు శిరివెళ్ల దాటగానే ఒళ్లోని సంచిలో టిఫిన్ డబ్బా కదిలి ట్యాబ్లెట్ తెరకు ఒత్తుకుంది.

"కడుపు నొస్తాంది," అంది సంచి.

పక్క సీటులోని ప్రభావతి, ఆళ్లగడ్డలో కిరాణా కొట్టు యజమానురాలు, తిరిగి చూసింది. "ఎవురమ్మా అది?"

"ట్యాబ్లెట్ అక్కా."

"బిడ్డకు ఏసినావా మరి?"

కృపావతి విప్పి చెప్పేలోపే సంచి మళ్లీ, "భయమైతాంది. ఇంటికి పోదాం," అంది.

పిల్లలు పొరపాటున ఆపేయకుండా దాన్ని గట్టిగా కట్టుదిట్టం చేశారు. ఎంత తడిమినా ఆగలేదు. కృపావతి దాన్ని తయారుచేసిన ఫణీంద్రకు ఫోన్ చేసింది. బస్సు రొదలో వినపడక స్పీకర్ పెట్టింది.

"దీని నోరు మూయించేదెట్లప్పా?"

"గొంతు మీద మూడు వేళ్లు పెట్టి గట్టిగా ఒత్తిపట్టండి మేడమ్. కొంచేపు అరుస్తాది, ఆనెంక గమ్మునుంటాది."

ఫణీంద్ర చెప్పింది తెర మీద ఉన్న గొంతు బొమ్మ సంగతి. బస్సులో వాళ్లకు ఆ బొమ్మ కనబడదు. కండక్టర్ దేవసహాయం లేచి నిలబడ్డాడు.

"ఎవురూ దిగొద్దు. సంచి తెరువమ్మా."

తెరిచింది. బిడ్డ లేదు. అందరూ ఊపిరి పీల్చుకోబోతుండగా ప్రభావతి అంది: "బిడ్డను యాడనో పెట్టి తాళమేసింది. పాపం, దీంట్లో ఫోన్ చేస్తాంది!"

"బొమ్మ నొక్కితే పలుకుతాదక్కా. నువ్వే నొక్కి సూడు."

"నేనెందుకు నొక్కల్ల? రేపు నా మీదికి తెస్తావా?"

ఆళ్లగడ్డ బస్టాండులో బస్సు ఆగగానే సగం బస్టాండు చుట్టూ మూగింది. టీచరు కోసం కాచుకున్న లహరి తల్లి మంజుల, కూతురి చెయ్యి పట్టుకుని పరుగున వచ్చింది.

"ఈ బిడ్డేనా?" "కొట్టిందా పాపా?" "సెప్పు, భయపడొద్దు!"

లహరి చెవులు మూసుకుని వంగిపోయింది. ఈ గోలతో కలిపి పిల్ల దాన్ని చూసిందంటే ఇక జన్మలో ముట్టదు. ట్యాబ్లెట్‌ను బెంచీ మీద పెట్టి, ముట్టడం పిల్లకే వదిలేసి, కృపావతి దూరంగా జరిగి నోరు మూసుకుంది.

లహరి చాలాసేపు తెర వంక చూసింది. ఒక చెయ్యి చెవి మీది నుంచి తీసింది.

"గోల వద్దు," అంది ట్యాబ్లెట్. లహరి మళ్లీ నొక్కింది. "గోల వద్దు."

దేవసహాయం గొంతు తగ్గించాడు. "ఇది... ఈ బిడ్డ మాటేనా?"

"బిడ్డ మాటే అన్నా," అంది మంజుల. తొమ్మిదేళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారి. కళ్లు తుడుచుకుంది.

"నీళ్లు," అని ట్యాబ్లెట్ పలకగానే ప్రభావతి అందరికన్నా ముందు సీసా అందించింది. తాగాక లహరి ట్యాబ్లెట్‌ను చంకలో పెట్టుకుని ఇంటి దారి పట్టింది. పరీక్ష అయిపోయింది.

సాయంత్రం నివేదికలో 'మెరుగుపరచాల్సినవి' అన్న చోట కృపావతి కాసేపు ఆలోచించి, "పెద్దలు" అని రాసింది.