బుడబుంగ మునిగిన ఆదివారం

ఆదివారం పొద్దున ఐదున్నరకు మరిపెడలో బండి తీస్తున్నప్పుడు వెంకట్రాం వేసుకున్న పథకం చాలా చిన్నది. నర్సింహులపేట వైపు ఒక ఊరి చెరువులో బుడబుంగ గూడు పెట్టిందని తెలిసింది. బుడబుంగ అంటే పిడికెడంత నీటిపిట్ట. చిన్న చప్పుడైనా చాలు, బుడుంగున మునిగి మరెక్కడో తేలుతుంది. పిల్లలు పుట్టిన కొత్తలో వాటిని వీపుమీద ఎక్కించుకొని తిరుగుతుంది, ఒక్కోసారి వాటితోనే మునుగుతుంది. ఆ ఒక్క ఫొటో తీసుకొని తొమ్మిదింటికల్లా ఇంటికొచ్చి టిఫిన్ చేయాలనుకున్నాడు. ఆయన సర్కారు బడిలో జీవశాస్త్రం సారు. పిట్టలను ఎలా బెదరగొట్టకుండా చూడాలో పిల్లలకు ఏటా ఒక గంట పాఠం చెబుతాడు.

కట్ట కింద తుంగలో, ఆకుపచ్చ దోమతెర కప్పుకొని, బురదలో గంటసేపు కూర్చున్నాడు. ఏడింటికి తల్లి పిట్ట బయటికి వచ్చింది. దాని రెక్కల సందులోంచి రెండు చారల తలలు తొంగిచూస్తున్నాయి. కెమెరా టకటకమంది. అంతే, పిట్ట పిల్లలతో సహా మునిగింది. వెంకట్రాం సంతోషం పట్టలేక, జనగామలో ఉండే మిత్రుడు ఎల్లేశ్‌కు ఫోను కలిపాడు. ఎల్లేశ్‌కూ పిట్టల పిచ్చే.

"ఎల్లేశూ, తల్లి మునిగింది! పిల్లలను వీపున ఏసుకొనే మునిగింది! నా కండ్ల ముంగటనే! ఇరవై ఫొటోలు తీసిన. లే, ఇంక పైకి రాలే. తొందరేమున్నది, చూద్దాం. ఎవ్వలకు చెప్పకు, జనమొస్తే ఖరాబైతది."

కట్టమీద మేకలను తోలుకొచ్చిన అండాలు అనే ఆమె ఈ మాటలన్నీ విన్నది. మనిషి కనబడలేదు. మాట మాత్రం తుంగలోంచి స్పష్టంగా వచ్చింది. ఆమె మేకలను అక్కడే వదిలేసి ఊరి దిక్కు ఉరికింది.

"ఓ నాయినో! తల్లీపిల్లలు చెరువుల వడ్డరు! ఒగడు తుంగల గూసోని ఫొటోలు తీస్తున్నడు!"

వెంకట్రాం ఆమెను ఆపుదామని లేచాడు. దోమతెర కాళ్లకు చుట్టుకొని బోర్లా పడ్డాడు. తెర విడిపించుకొనేలోపు కట్టమీద ముప్పై మంది ఉన్నారు. ఎవరో వందకు ఫోను కూడా కొట్టారు.

ఊళ్లో తల్లీపిల్లలు లేని ఇల్లు ఏదని చూస్తే ఒక్కటే తేలింది. యుగేందర్ ఇల్లు. ముందు రోజు కూరలో ఉప్పు తక్కువైందని అతను కంచం విసిరికొట్టాడు. భార్య సంధ్య ఇద్దరు పిల్లలను తీసుకొని పాలకుర్తిలోని తల్లిగారింటికి వెళ్లిపోయింది. ఆమెకు ఫోను లేదు. నెల కింద అది చెరువులో పడిందని యుగేందరే అందరికీ చెప్పాడు. పాలకుర్తికి ఫోను చేస్తే ఆమె అన్న ఎత్తాడు. "పొద్దున్నే పిల్లలతోని ఆటో ఎక్కిందిగద. ఇంక రాలేదా?" అన్నాడు. యుగేందర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

చేపలు పట్టే వీరస్వామి వల భుజాన వేసుకొని వచ్చి వెంకట్రాం ముందు నిలబడ్డాడు. "సారూ, ఎక్కడ మునిగింది? జర జాగ చూపెట్టు."

నిజం చెప్పడానికి వెంకట్రాంకు అప్పుడు ఒక నిమిషం దొరికింది. కాని నెత్తిమీద దోమతెర ఉంది, చెవిలో నాచు ఉంది. ముప్పై మంది తననే చూస్తున్నారు. యుగేందర్ వచ్చి వెంకట్రాం కాళ్లు పట్టుకున్నాడు. "అన్నా, నా పెండ్లమేనా? ఎర్ర చీరనేనా?"

గీ మనిషికి 'పిట్ట' అని ఎట్ల చెప్పాలె అనుకున్నాడు వెంకట్రాం. "నాకు... సరిగ్గ కనవడలే" అన్నాడు. అది అబద్ధం. అంతటితో ఆగినా బాగుండేది. కాని అతని చెయ్యి పిట్ట మునిగిన మూలనే చూపించింది.

పది మంది ఆ మూలకు దూకారు. తుంగను తొక్కారు, తామరాకులు పీకారు, వలలు విసిరారు. నీళ్లు బురదబురదయ్యాయి. వెంకట్రాం గూడు ఉన్న దిక్కు చూడలేక తల దించుకున్నాడు. ఇప్పుడు చెబుదాం అనుకున్న ప్రతిసారీ, ఇంతసేపు ఎందుకు చెప్పలేదని అడిగితే ఏమనాలో తోచలేదు.

యుగేందర్ ఆగలేకపోయాడు. ఈత రాకున్నా నీళ్లలోకి దిగి గొంతు చించుకున్నాడు.

"సంధ్యా! కూర మంచిగనే ఉండె! ఉప్పు సరిపోయింది! నేనే తాగొచ్చి లొల్లి వెట్టిన! నీ ఫోను చెరువుల వడలే, నేనే గోడకు కొట్టిన! ఒక్కసారి పైకి రా, ఇగ తాగ, నీ మీద ఒట్టు!"

ఇంకో రెండడుగులు వేసి గుంటలో పడి మునిగాడు. వెంకట్రాం ఇంకేమీ ఆలోచించలేదు. కెమెరా మెడలోనే ఉండగా దూకి, అతని చొక్కా పట్టుకొని పైకి లాగాడు. ఇద్దరూ ఛాతీ లోతు నీళ్లలో నిలబడి దగ్గుతుంటే, వెంకట్రాం ఏడుపు గొంతుతో అరిచాడు.

"మునిగింది నీ పెండ్లం గాదు తమ్మీ! పిట్ట! బుడబుంగ! తల్లి అన్నది దాన్నే!"

వల విసరబోయినవాళ్లు ఆగి చూశారు. "సారుకు నీళ్లు నెత్తికెక్కినయ్" అన్నారెవరో జాలిగా.

అప్పుడే కట్టమీద ఆటో ఆగింది. దారిలో టైరు పంక్చరై గంట ఆలస్యమైంది. ఎర్ర చీర కట్టుకున్న సంధ్య, ఇద్దరు పిల్లల చేతులు పట్టుకొని దిగింది. "గింతమంది ఉన్నరేంది? ఎవలు మునిగిన్రు?"

"నువ్వే" అన్నది అండాలు.

జరిగినదంతా అండాలే చెప్పింది, నీళ్లలో మొగుడు అన్న మాటలతో సహా. సంధ్య నీటి అంచుదాకా నడిచి వచ్చింది. యుగేందర్ ఆమెను చూసి చిన్నపిల్లవాడిలా ఏడుస్తున్నాడు.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

"గట్టిగ చెప్పు. కంచం ఇసిరినప్పుడు వాడకట్టంత ఇన్నది."

యుగేందర్ గట్టిగా చెప్పాడు. పిల్లలు నవ్వారు. సంధ్య నవ్వలేదు కాని చెయ్యి అందించింది.

వెంకట్రాం ఒడ్డుకొచ్చి కూర్చున్నాడు. తిడతారనుకున్నాడు. ఎవరూ తిట్టలేదు, అదే కష్టంగా ఉంది. అండాలు మాత్రం, "పిట్టను పిట్ట అనొద్దా సారూ? తల్లి అంటరా?" అని మేకల దిక్కు వెళ్లిపోయింది. వీరస్వామి పక్కన కూర్చొని వల పిండుకుంటూ మెల్లగా అన్నాడు.

"నెల సంది గా మూలకు మేం వలేస్తలేం సారూ. బుడబుంగ పొదుగుతున్నది, పిల్లలు పెద్దగయ్యేదాంక ఆగుదమనుకున్నం. ఇయ్యాల నువ్వు చూపెడితేనే తొక్కినం."

వెంకట్రాం ఏటా చెప్పే పాఠం గంటది. ఈయన నెల రోజులుగా ఒక మాటైనా అనకుండా దాన్ని పాటించాడు. మళ్లీ చెరువులోకే పోదామా అనిపించింది.

ఇంతలో సంధ్య చిన్నకొడుకు అవతలి ఒడ్డు దిక్కు వేలు చూపించాడు. అక్కడ తుంగ చాటునుంచి బుడబుంగ తేలింది. వీపుమీద ఒక తల లేచింది. ఒక్కటే. కాసేపటికి రెండో తల కూడా లేచింది. వీరస్వామి "హమ్మయ్య" అన్నాడు. అంత మంచి వెలుతురు, అంత దగ్గరగా పిట్ట. వెంకట్రాం కెమెరాలోంచి నీళ్లు కారుతున్నాయి. బాగున్నా ఎత్తేవాడు కాదు.

కానిస్టేబుల్ జగపతి చెమటలు కక్కుతూ అప్పుడు వచ్చాడు. సంగతంతా విని టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. తర్వాత పుస్తకం తీశాడు. "ఫోనచ్చినంక ఏదో ఒకటి రాయాలె సారూ" అని తలవంచుకొని రాసి, పుస్తకం వెంకట్రాం చేతికిచ్చాడు. 'మునిగినవారు: తల్లి ఒకటి, పిల్లలు రెండు. తేలినవారు: అందరు. సమాచారం ఇచ్చినది: ఎవరో తెలియదు. కారణం: ఉపాద్యాయుడు.'

'ఉపాధ్యాయుడు' అన్న మాటలో ఒత్తు తప్పు పడింది. ఇరవై ఏండ్ల నౌకరీలో మొదటిసారి వెంకట్రాం దిద్దకుండా సంతకం పెట్టాడు.